ఇంట్లోనే ఉన్న పరంజ్యోతి

పరంజ్యోతి ఏసు గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది జన్మలో రెండేసార్లు. మొదటిసారి చెప్పింది ఆమెకు తెలియకుండానే అబద్ధమైపోయింది. పోనీలే, అదలా వదిలెయ్యమని పెద్దలన్నారు. ఆమె వదల్లేదు. అందుకే ఇప్పటికీ పేటలో కొందరు ఆమెను మొండిఘటం అంటారు.

నౌపడ జంక్షన్ దాటి ఉప్పు మడుల వైపు నడిస్తే, రైలుకట్టకూ మడులకూ మధ్య ఇరుక్కున్నట్టు కనిపిస్తుంది ఆ పేట. గాలినిండా ఉప్పే. తలుపు గొళ్లాలు రెండేళ్లు తిరక్కుండా తుప్పు పట్టి రాలిపోతాయి. కుట్టుమిషనుకు వారం వారం నూనె పట్టించకపోతే తొక్కుడు బిగిసిపోతుంది. భావనపాడు పక్క పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, ఈ ఉప్పుగాలిలోకి కోడలిగా వచ్చింది పరంజ్యోతి. మొగుడు జేమ్స్ ఉప్పు బస్తాలు మోసే కలాసీ. గుడిలో ఢోలక్కు వాయించేది కూడా అతనే. అతని పాట గట్టిది, ఆమె నోరు చిన్నది. వాళ్లకు పిల్లల్లేరు. ఇంట్లో మాటలన్నీ అతనివే, మిషను చప్పుడు ఆమెది. అలా బాగానే గడిచింది.

జేమ్స్‌కు కిడ్నీలు పాడయ్యాయి. ఈ జిల్లాలో ఆ జబ్బు సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. టెక్కలి ఆసుపత్రికి తిప్పీ తిప్పీ, చివరికి అతన్ని మడుల అవతలి సమాధుల దొడ్డికి మోసుకెళ్లారు.

అప్పట్నుంచి పరంజ్యోతికి ఏదీ కావాలనిపించలేదు. పండక్కి చీర తెస్తామంటే వద్దంది. చేప తినడం మానేసింది, ఎవరూ మానమనకపోయినా. ఎవరైనా రవికె గుడ్డ తెస్తే కొలత తీసుకునేది, కుట్టేది, ఇచ్చేది. అంతే. ఆ నెమ్మదిని పేటంతా మెచ్చుకుంది. మొగుడు పోయిన ఆడది ఉంటే అలా ఉండాలి అని కోడళ్లకు చూపించారు. ఎండిపోవడాన్ని మంచితనం అనుకుంటారని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆమెకు మళ్లీ ఒక కోరిక పుట్టడానికి కారణం కన్యాకుమారి. స్టేషను గేటు దగ్గర సామాన్ల కొట్టు నడిపే కాశీవిశ్వనాథం గారి భార్య ఆవిడ. కోమట్ల ఇళ్లల్లో రవికెలన్నీ చాలాకాలంగా పరంజ్యోతే కుట్టేది. ఒకరోజు ఆవిడ వచ్చి వీపు మీద కిటికీ పెట్టే మోడలేదో వచ్చిందనీ, ఫొటో వాట్సాప్‌లో పంపిస్తాననీ అంది. పరంజ్యోతి తన మీటల ఫోను చూపించింది. ఆవిడ నొచ్చుకోకుండానే నవ్వి, సరేలే అని వెళ్లిపోయింది. ఆ పై పండక్కి ఆవిడ తొడుక్కున్న రవికె మీద టెక్కలి దర్జీ చేతివాటం కనిపించింది.

ఆ రాత్రి అన్నం తింటూ పరంజ్యోతి తనలో తాను అనుకుంది, నాకూ అలాంటి ఫోనొకటి కావాలి అని. కావాలి అన్న మాట అనుకోగానే ఉలిక్కిపడినట్టయింది. జేమ్స్ పోయాక ఆ మాట ఆమె లోపల పుట్టడం అదే మొదలు. తప్పేమో అనిపించింది. కాసేపటికి తప్పేం కాదనిపించింది.

పక్కింటి రూబీతో చెప్పింది. రూబీ జేమ్స్ పెదతల్లి మనవరాలు, వరసకు పిన్నీ అని పిలుస్తుంది, టెక్కలిలో చీరల కొట్లో పనిచేస్తుంది. కొత్త ఫోను ధర వినగానే పరంజ్యోతి వద్దులే అంది. రూబీ నవ్వి, ఈ రోజుల్లో ఎవరు కొత్తది కొంటున్నారు, వాడినవి అమ్మే యాప్ ఉందని, తన ఫోనులో వేలితో బొమ్మలు జరిపి జరిపి చూపించింది. అందులో ఒక ఫోను దగ్గర ఇద్దరి చూపూ ఆగింది. గీత పడని ఫోను. ధర సగం కన్నా తక్కువ. అమ్మేవాడు విశాఖపట్నంలో ఉన్న జవాను. బదిలీ అయ్యిందనీ, తొందరలో ఉన్నాననీ రాశాడు. యూనిఫాంలో ఉన్న ఫొటో, క్యాంటీను కార్డు, గుర్తింపు కార్డు అన్నీ పంపాడు.

ఇక్కడే వేరే ఊరివాళ్లైతే ఆగి ఆలోచించేవారేమో. ఈ జిల్లాలో వీధికి నలుగురు మిలట్రీలో ఉంటారు. తెల్లారకముందే రోడ్డు మీద పరుగులు తీసే కుర్రాళ్లందరూ సెలక్షను కోసమే పరిగెడతారు. సెలవు మీద వచ్చిన జవాను బస్సెక్కితే ముసలివాళ్లు కూడా జరిగి చోటిస్తారు. రూబీ సొంత అన్న జమ్ములో ఉన్నాడు. యూనిఫాం తొడుక్కున్నవాడు అబద్ధమాడతాడని ఈ చుట్టుపక్కల ఎవరికీ తోచదు. ఎవరైనా తోచిందని చెప్తే వాణ్ణే అనుమానంగా చూస్తారు.

జవాను ఫోనులో హిందీలో మాట్లాడాడు. రూబీకి కొంత హిందీ వచ్చు. మాతాజీ అన్నాడు, మీ ఆశీర్వాదం కావాలన్నాడు. ఫోనును మిలట్రీ పార్సిల్‌లో పంపుతాననీ, ముందు కొంత కడితే చాలనీ, మిగతాది పార్సిల్ దగ్గర పడుతున్నకొద్దీ కట్టొచ్చనీ చెప్పాడు. కమీషను మీద డబ్బు కూడా పంపే కాశీవిశ్వనాథం కొట్టుకు పరంజ్యోతి వెళ్లి ఆయన చేత ఆ నంబరుకు డబ్బు వేయించింది. సాయంత్రానికి రూబీ ఫోనుకు ఒక లింకు వచ్చింది. అది నొక్కితే పార్సిల్ ఎక్కడుందో చూపించే పేజీ తెరుచుకుంది. నీలం గీత, గీత మీద చుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఒక్కో ఊరు.

ఆ పేజీయే పరంజ్యోతిని పూర్తిగా పడేసింది. రూబీ చదువుతుంటే ఆమె కళ్లు మూసుకుని వినేది. కొత్తవలస. విజయనగరం. చీపురుపల్లి. పొందూరు. ఆ పేర్లు జేమ్స్ నోట ఆమె ఎన్నిసార్లు విన్నదో. ఉప్పు ఎత్తి పంపిన రోజు ఇంటికొచ్చి, కాళ్ల పగుళ్లలో కొబ్బరినూనె రాసుకుంటూ, మన ఉప్పు ఈపాటికి పొందూరు దాటుంటాది, ఈపాటికి విజయనగరం సేరుంటాది అని చెప్పేవాడు. అదొక ఆట అతనికి. ఇప్పుడు అవే ఊళ్లు వెనక నుంచి ముందుకు, తన వైపుకు వస్తున్నాయి. శ్రీకాకుళం రోడ్డు దగ్గర పార్సిల్ ఆగిందనీ, ఇన్సూరెన్సు కట్టాలనీ పేజీలో వస్తే, ఆమె ఎందుకని కూడా అడగకుండా కట్టింది. తిలారు దాటింది. కోటబొమ్మాళి దాటింది. శనివారం పొద్దుగూకే వేళకు నౌపడ అన్న చుక్క పచ్చగా వెలిగింది. మిగతా డబ్బంతా కట్టేస్తే సోమవారం ఇంటికి తెచ్చి ఇస్తారట. కట్టేసింది.

ఆ గుడిలో ఒక అలవాటు ఉంది. అందిన తర్వాత స్తుతించడం ఎవరైనా చేస్తారు, అందకముందే స్తుతించడమే విశ్వాసం అంటారు. కాన్పు కాకముందే బిడ్డ కోసం, ఫలితాలు రాకముందే ఉద్యోగం కోసం లేచి సాక్ష్యం చెప్తారు. ఇంకొకటి కూడా ఉంది. గుడిలో చెప్పిన మాటను బయట ఎవరూ కాదనరు. గుమ్మం దగ్గర చెప్పిన మాటకు సవాలక్ష సందేహాలు ఉంటాయి, సాక్ష్యానికి ఉండవు. పార్సిల్ నౌపడ దాకా వచ్చేసింది కదా, ఈ ఆదివారమే చెప్పెయ్యమని రూబీ వెంటబడింది.

పరంజ్యోతి లేచి నిలబడితే గుడంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమె గొంతు ఎలా ఉంటుందో కొందరికి తెలియదు కూడా. భర్త పోయినా దేవుడు విడిచిపెట్టలేదని, ముక్కూమొహం తెలియని జవాను చేత తన చేతిపనికి సాయం పంపుతున్నాడని, అతను నిజాయితీ గల బిడ్డ అని, వణుకుతూ చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. బయటికి వచ్చాక నలుగురైదుగురు రూబీ చుట్టూ మూగి ఆ జవాను నంబరు రాసుకున్నారు. పరంజ్యోతి అది చూసింది. తన మూలాన పదిమందికీ మేలు జరుగుతోందని సంతోషించింది.

సోమవారం ఆమె మిషనును గుమ్మంలోకి ఈడ్చుకుంది. పార్సిల్ అతను వచ్చి వెనక్కి పోతాడేమోనని బోరింగు దగ్గరికి కూడా వెళ్లలేదు. చద్దన్నం గుమ్మంలోనే కూర్చుని తిన్నది. వీధిలో పోయే ప్రతి సైకిలునూ చూసింది. ఎండ గోడ దిగింది. రూబీ కొట్టు నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఎక్కడికెల్లిపోనావు పిన్నీ? ఇంటికొచ్చి తలుపు కొట్టినారంట. ఎవులూ లేరని రాసినారు."

"నానెక్కడికీ ఎల్లలేదు."

"నీల్లకెల్లుంటావు, ఓ చనం సూసి ఎల్లిపోయుంటారు."

"నీల్లే లేవింట్లో. సూడు కడవ."

రూబీ ఫోను ముందుకు చాపింది. నీలం గీత మీద నౌపడ చుక్క ఎర్రగా మారి ఉంది. ఇంటికి తాళం, మనిషి లేరు, పార్సిల్ విశాఖపట్నం తిరిగి పోతోంది, మళ్లీ రావాలంటే మళ్లీ కట్టాలి. రూబీ అదంతా చదివి, పోనీలే, ఇంకొక్కసారి కట్టేద్దాం అంది.

పరంజ్యోతి పేజీని చూసింది. మిషనును చూసింది. పొద్దుట్నుంచి కత్తిరించిన గుడ్డముక్కలు గుమ్మంలో, మెట్టు మీద, వీధిలోకి కూడా ఎగిరి పడి ఉన్నాయి. తలుపుకు తాళం వేయడం మాట అటుంచి, ఆమె ఇంటికి తాళమే లేదు. తన గుమ్మంలో తాను కూర్చుని ఉండగా ఇంట్లో మనిషి లేదని రాసినవాడు, మరి ఆ పొందూరునూ తిలారునూ ఎక్కడ కూర్చుని రాశాడు? ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. జేమ్స్ పోయిన ఈ రెండేళ్లుగా అందరూ ఆమెను ఇంట్లో ఉన్నా లేనట్టే చూశారు. ఇప్పుడు వీడు అది రాసి మరీ పంపాడు.

ఆ జవానుకు ఫోను చెయ్యమంది. రూబీ కలిపింది. అవతలివాడు మాతాజీ అంటూ మొదలుపెట్టి, మీరు ఇంట్లో లేకపోతే నేనేం చేస్తానని విసుక్కున్నాడు. కట్టకపోతే మిలట్రీ కేసు అవుతుందన్నాడు. రూబీ మొహం పాలిపోయింది. పరంజ్యోతి ఫోను లాక్కుని తెలుగులోనే చెప్పింది.

"నానింట్లోనే ఉన్నాను బాబూ. నువ్వే ఎక్కడా లేవు."

అవతల లైను పోయింది. మళ్లీ చేస్తే మోగలేదు.

మర్నాడు కాశీవిశ్వనాథం కొట్టు తెరవగానే వెళ్లి నిలబడింది. వేసిన డబ్బు వెనక్కి లాగడం కుదరదని ఆయన చెప్పాడు. కావాలంటే టెక్కలి పోలీసు స్టేషనుకు వెళ్లమన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు, కాకపోతే తన కమీషను సంగతి ముందు, తక్కినవి తర్వాత. పక్కనున్న కన్యాకుమారి, పాపం దానికి ఎందుకొచ్చిన ఫోనండీ అని మెల్లగా అంది. ఆ మెల్లగా అన్నదే పరంజ్యోతికి ఎక్కువ గుచ్చుకుంది. తిరిగి వచ్చేస్తుంటే ఆయన వెనక్కి పిలిచాడు.

"ఇదిగో పరంజ్యోతీ. ఈ నంబరుకే నిన్న మీ గుడోళ్లు ముగ్గురొచ్చి వేయించుకెళ్లారు. లక్ష్మణమ్మ కూడా. మా పరంజ్యోతి సాక్ష్యం చెప్పింది కదండీ అంటే, నాకేటి తెలుస్తాది?"

ఇకమీదట ఎవరొచ్చినా వేయొద్దని ఆమె బతిమాలింది. తను కాదంటే గేటు అవతల ఇంకో కొట్టు ఉంది, అక్కడికి పోతారు, అది తెలుసుకో అన్నాడాయన. అది నిజమే.

లక్ష్మణమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. గంప నెత్తిన పెట్టుకుని సంతలన్నీ తిరిగే ముసలిది. మనవరాలికి విజయనగరంలో నర్సింగు సీటొచ్చింది. పాఠాలు ఫోనులోనే పంపుతారట, అందుకని రెండు మేకల్ని అమ్మి కొంత పంపింది, మిగతాది వచ్చే సోమవారం పంపుతుంది. పరంజ్యోతి వెళ్లేసరికి ఆమె ఇంటి ముందు కూర్చుని, పక్కింటివాళ్ల ఫోనులో మనవరాలి చేత ఆ నీలం గీత చదివించుకుంటోంది. చీపురుపల్లి దాకా వచ్చిందట. ఇదంతా మోసం, ఇంక పంపకు అని పరంజ్యోతి చెప్పింది. ముసలిది ఎగాదిగా చూసింది.

"నీకు ఆలీసమైనాదని మాకూ రాకూడదేటి?"

"ఆలీసం కాదత్తా. వాడు జవాను కాదు. పార్సిలే లేదు."

"గుళ్లో నిలబడి ఉన్నాదన్నావు. నిజాయితీ బిడ్డన్నావు. గుళ్లో సెప్పింది అబద్ధమైతే, మెట్టు మీద సెప్పింది నిజమేటే?"

పరంజ్యోతి మిగతా ఇద్దరి ఇళ్లకూ వెళ్లింది. ఒకరు వింటాం వింటాం అని తలుపేసుకున్నారు. ఇంకొకరు, జేమ్స్ పోయినకాడ్నుంచి దానికి మనసు సరిగా లేదు అని ఆమె చెవిన పడేలాగే అన్నారు. ఇంటికి నడుస్తూ ఆమెకు ఒకటి తేటతెల్లమైంది. గుడిలో కట్టిన ముడి గుడిలోనే విప్పాలి. ఆదివారం లోపల గుడి లేదు, సోమవారం ముసలిది మిగతా డబ్బు పంపుతుంది. మధ్యలో ఉన్నది ఆ ఒక్క పూటే.

ఆదివారం మళ్లీ లేచి సాక్ష్యం చెప్తానని సంఘ పెద్ద సూరయ్యకు కబురు చేసింది. సూరయ్య జేమ్స్ పెద్దన్న, ఉప్పు కంపెనీలో గుమస్తాగా చేసి రిటైరైనవాడు. సాక్ష్యాలు ఎవరు చెప్పాలో ముందుగా పేర్లు తీసుకునేది ఆయనే. శనివారం సాయంత్రం ఆయనే ఇంటికి వచ్చాడు. బావగారి ఎదుట ఆమె ఎప్పుడూ నిలబడి మాట్లాడలేదు, తలుపు వెనకాల నుంచే సమాధానాలు ఇచ్చేది. ఆ రోజూ అలాగే వెనక్కి జరిగింది.

ఆయన చాలాసేపు చెప్పాడు. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పడం, మనం చేసిన తెలివితక్కువ పని చెప్పడం కాదు. పాస్టరు గారు కూడా ప్రార్థనలో పెట్టమన్నారు. స్టేషను దగ్గర కోమట్లకు తెలిస్తే గుడోళ్లందరూ మోసపోయారని నవ్వుతారు. రూబీ అన్న యూనిఫాంకు కూడా మాట వస్తుంది. జేమ్స్ పేరు కూడా చెడుతుంది. ఇవన్నీ ఆమె విన్నది. చివర్న ఆయన గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు.

"మొగుడు పోనోలికి అంత ఫోనెందుకని ఎవులైనా అడిగితే ఏటి సెప్తావు? అందుకే సెప్తన్నాను, నోరు మూసుకుని ఉండు."

ఆమె తలుపు వెనకాల నుంచి ముందుకు వచ్చింది. మెట్టు మీద ఆయన ఎదురుగా నిలబడింది.

"కావాలనుకున్నాను, అందుకు బావా. అదే సెప్తాను."

సూరయ్య లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి రూబీ వచ్చి ఏడ్చింది. ప్రకటన చూపించింది తనేనని గుడిలో చెప్పొద్దని బతిమాలింది. అన్నకు తెలిస్తే చంపేస్తాడంది. పరంజ్యోతి ఆ పిల్ల తల నిమిరి, నీ పేరు ఎత్తనని మాటిచ్చింది.

ఆదివారం గుడి నిండుగా ఉంది. వాక్యం అయింది. సూరయ్య చదివిన పేర్లలో పరంజ్యోతి పేరు లేదు. ఆ పేర్లవాళ్లు ఒక్కొక్కరే లేచారు, చెప్పారు, కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు ఆఖరి చాప మీద నుంచి ఆమె లేచి నిలబడింది. ఆయన చూశాడు. చూసి, పాటోళ్ల వైపు చెయ్యి ఊపాడు. ఢోలక్కు మొదలైంది. గుడంతా పాటలో పడింది.

ఆమె కూర్చోలేదు. పాటకు అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె చేతులు రెండూ పక్కలకు వేలాడేసుకుని అలాగే నిలబడింది. పక్కనున్న అప్పలమ్మ కొంగు పట్టుకుని కిందికి లాగింది. కొంగు జారిపోయింది గానీ మనిషి కదల్లేదు. పాట అయింది. ఆమె నోరు తెరవబోయేలోగా సూరయ్య ఇంకో పాట అందుకున్నాడు, తనే. ఆయన గొంతు అంత మంచిది కాదు. ఢోలక్కు వెనకాల పడుతూ లేస్తూ వచ్చింది. సగం మంది పాడారు, సగం మంది ఆమెనే చూస్తూ ఊరుకున్నారు. ఆ ఢోలక్కు ఇప్పుడు వాయిస్తున్నవాడికి చేతులు పట్టుకుని నేర్పింది జేమ్సే. రెండో చరణం మధ్యలో అతను ఆమె వైపు చూసి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దరువు లేని పాట కొంతదూరం కుంటుకుంటూ సాగి, ఆగిపోయింది. సూరయ్య ఒక్కడే ఒక పాదం పాడి, తనూ ఆగాడు.

"పోయిన వారం ఇక్కడే నిలబడి, నాకు ఫోనొస్తన్నాదన్నాను," అంది పరంజ్యోతి. ఆమె గొంతు ఈసారి వణకలేదు. "రాలేదు. రాదు. అమ్మినోడు జవాను కాదు. ఆ గీతా, ఆ ఊర్లూ అన్నీ వాడు రాసుకున్నవే. నానింటి గుమ్మంలో కూసుంటే, ఇంట్లో మనిసి లేదని రాసినాడు. నాకు అక్కడ తెలిసినాది. మీకు ఇక్కడ సెప్తన్నాను. నా మాట విని పంపినోలు, ఇంక పంపకండి."

మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకనుంచి ఇంకొకరు, ఈ వయసులో ఫోను సోకేటి అన్నారు. ఆమె అటు తిరిగింది.

"సోకే. కావాలనిపించినాది. నా కస్టం పెట్టి కొందామనుకున్నాను. దానికి నాకు సిగ్గు లేదు. దొంగకి లేని సిగ్గు నాకెందుకు?"

నవ్వినవాడు తల దించుకున్నాడో లేదో ఆమె చూడలేదు. ఆడవాళ్ల వైపు కదలిక వచ్చింది. రూబీ లేచి నిలబడింది. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఆ యాప్ చూపించింది నేనే, హిందీలో మాట్లాడింది నేనే, పిన్ని తప్పేం లేదు అని గబగబా చెప్పి, కూర్చోవడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

సాక్ష్యం చెప్పేవాళ్లకు ఎదురు ప్రశ్న వెయ్యడం ఆ గుడిలో ఎప్పుడూ లేదు. లక్ష్మణమ్మ వేసింది. కూర్చున్నచోటు నుంచే, చేపల సంతలో బేరమాడే గొంతుతో అడిగింది.

"అయితే నా మేకల డబ్బు?"

గుడంతా పరంజ్యోతి వైపు చూసింది. దేవుడు తిరిగి ఇస్తాడని చెప్తే ముసలిదానికి కాస్త ఊరటగా ఉండేది. అలాంటి మాటలు చెప్పే చోటే అది.

"పంపింది పోయినాదత్తా. ఉన్నదాన్ని దాసుకో."

ముసలిది కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ప్రార్థిస్తోందో తిడుతోందో పక్కవాళ్లకు కూడా తెలియలేదు. పాస్టరు గారు లేచి క్లుప్తంగా ఆశీర్వాదం చెప్పి కూటం ముగించారు.

బయట చెప్పుల దగ్గర జనం తొందరగా విడిపోలేదు. అప్పలమ్మ పరంజ్యోతిని పక్కకు లాగి, తన అల్లుడు కూడా లాటరీ తగిలిందన్న ఫోనుకు డబ్బు కట్టి ఎవరికీ చెప్పుకోలేదని చెప్పింది. ఇంకొకామె వచ్చి ఇంకొకటి చెప్పింది. చెవిలో చెప్పబోయి, ఎందుకనో మామూలు గొంతుతోనే చెప్పింది. సూరయ్య ఎవరితోనూ మాట్లాడకుండా గొడుగు పట్టుకుని ముందుగా నడిచాడు. పరంజ్యోతిని దాటుతూ ఒక్క క్షణం ఆగి, ఫోనూ పోయింది, మర్యాదా పోయింది, ఇకనైనా ఆ పిచ్చి మానుకో అన్నాడు.

"మానుకుంటానని ఎవులన్నారు బావా? కొంతాను. ఈపాలి కొట్టుకెల్లి, సేతిలో పెడితేనే డబ్బిస్తాను."

ఆయన ఆ తర్వాత చాలా నెలలు ఆమె ఇంటి మెట్టెక్కలేదు.

లక్ష్మణమ్మ మాత్రం వదల్లేదు. రైలుకట్ట పొడుగునా పరంజ్యోతి వెనకే నడుస్తూ, ఆమె నోటిని తిట్టింది, ఆమె మిషనును తిట్టింది, ఆ జవానును కన్న తల్లిని తిట్టింది. నీ మాట విని పంపినాను, నీ మాట విని ఆపినాను, నా మేకలు నీకేటి ద్రోహం సేసినాయి అని నిలదీసింది. ఉప్పు మడుల మీద ఎండ తెల్లగా మండుతోంది. పరంజ్యోతి ఒక్క తిట్టుకు కూడా ఎదురు చెప్పలేదు. తిట్టు న్యాయమే అనుకుంది. తన గుమ్మం దగ్గరికి వచ్చాక మాత్రం ఆగి, వెనక్కి తిరిగింది.

"రేపు పొద్దుట బస్సుకి టెక్కలి పోలీసు స్టేసనుకి ఎల్తన్నాను. రూబీ కూడా వస్తాది. నువ్వూ రావాల."

"పోలీసులు మన మాట వింతారేటే? ఆడోల్లం, ముండమోపులం. నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వడం అయినాక రాసుకుంతారు. రాసుకునేదాకా అక్కడే కూసుందాం."

"నాను తిట్టడం ఆపను మరి."

"ఆపొద్దత్తా. తిట్టుకుంటూనే రా."